గృహ లినక్స్ కంప్యూటర్లలో ఫైర్‌వాల్: గోదావరి డెల్టా వాడకందార్లకు తగిన ఎంపిక

ఫైర్‌వాల్ అంటే కంప్యూటరుకూ నెట్‌వర్కుకూ మధ్య నిలిచి, వచ్చే పోయే సమాచారాన్ని ముందే రాసిపెట్టిన నియమాల ప్రకారం అనుమతించే లేదా ఆపే సాఫ్ట్‌వేరు లేదా పరికరం. ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్, ఫెడోరా, మన దేశంలో సీ-డాక్ రూపొందించిన బాస్ వంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు అన్నిటిలోనూ ఈ యంత్రాంగం ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటి కెర్నల్‌లోనే అమరి ఉంటుంది. కొత్తగా లినక్స్‌కు వచ్చినవారు ఎంచుకోవలసింది ఆ యంత్రాంగానికి నియమాలు చెప్పే ఉపకరణాన్ని మాత్రమే. విండోస్ రోజుల అలవాటు కొద్దీ పెద్ద ‘సెక్యూరిటీ ప్యాకేజీ’ కోసం వెతికేవారు ఈ సంగతి ముందు తెలుసుకుంటే సగం పని తగ్గుతుంది. ఉపకరణాలన్నీ ఉచితం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు.

డెల్టాలో ఇంటి కనెక్షన్లు

గోదావరి డెల్టాలో ఇంటింటికీ ఫైబర్ ఇవ్వడానికి తొలి నమూనా మోరి గ్రామం. అప్పటి తూర్పు గోదావరి జిల్లా సఖినేటిపల్లి మండలంలోని ఈ ఊరిలో 2016 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఫైబర్ గ్రిడ్ సేవలు ప్రారంభించింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజనతో ఈ ప్రాంతం ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోకి వచ్చింది. ఆ ఫైబర్ గ్రిడ్ సేవలనే 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్ పేరుతో జాతికి అంకితం చేశారు. కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24,000 కిలోమీటర్ల తీగ లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల చేత టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి ఇళ్లకు అందించే పద్ధతి అది. తొలి ప్యాకేజీ ధర నెలకు 149 రూపాయలు, వేగం 15 ఎంబీపీఎస్. ఇప్పుడు అదే వీధిలో బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్ ఫైబర్లూ ఉంటాయి.

ఏ కంపెనీ కనెక్షన్ అయినా ఇంటి గోడకు బిగించే పెట్టె, అంటే మోడెం, ఒక్కలాగే పనిచేస్తుంది. బయట నుంచి ఒక చిరునామా తీసుకుని, ఇంట్లోని ఫోన్లకు, టీవీకి, కంప్యూటరుకు 192.168తో మొదలయ్యే లోపలి చిరునామాలు పంచుతుంది (దీన్నే నెట్‌వర్క్ చిరునామా మార్పిడి అంటారు). చాలామందికి కంపెనీ కూడా పైన మరోసారి ఇదే మార్పిడి చేస్తుంది. దానికోసం 100.64తో మొదలయ్యే చిరునామాల వరుసను 2012లో ప్రత్యేకించారు. ఈ మార్పిడి వల్ల బయటివారు ఇంటి కంప్యూటరును నేరుగా తట్టలేరు. ఇది భద్రత కోసం పుట్టిన ఏర్పాటు కాదు, ఐపీవీ4 అనే పాత పద్ధతిలో చిరునామాల కొరత తీర్చడానికి వచ్చినది. ఐపీవీ6 అనే కొత్త పద్ధతిలో ఆ కొరత లేదు. ప్రతి పరికరానికీ ప్రపంచమంతటికీ కనిపించగల చిరునామా దొరుకుతుంది. ఐపీవీ6 వాడకం బాగా పెరిగిన దేశాల్లో భారత్ ఒకటి. అందుచేత ‘మోడెం చాటున ఉన్నాం కదా’ అనే ధీమా ఏటికేడాది బలహీనపడుతోంది.

మోడెం కూడా ఒక కంప్యూటరే. 2017 జూలైలో దేశంలోని బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెములపై మాల్వేర్ దాడి జరిగింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డు మార్చని మోడెములు దానికి దొరికిపోయాయి. అంతకు ముందు ఏడాది మిరాయ్ అనే మాల్వేర్ ప్రపంచమంతటా సీసీ కెమెరాలను, రూటర్లను ఇదే దారిలో పట్టుకుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టున పెట్టిన కెమెరా, ఇంట్లో దాని రికార్డరు, పిల్లల చదువు కంప్యూటరు అన్నీ ఒకే వైఫై మీద ఉంటే, వాటిలో బలహీనమైనది మిగతావాటికి లోపలి శత్రువు కాగలదు. మోడెం ఫైర్‌వాల్ లోపలివాళ్ల మధ్య నడిచే రాకపోకల జోలికి పోదు. కంప్యూటరులో వేరే ఫైర్‌వాల్ ఉండాలనడానికి ఇదే అన్నిటికన్నా గట్టి కారణం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు సరిపోని పాత కంప్యూటర్లు ఉన్నవారికి లినక్స్ మింట్ వంటివి ఖర్చు లేని ప్రత్యామ్నాయం. ఈ వ్యాసం ముఖ్యంగా అలా మారేవారికి ఉపయోగం.

చరిత్ర

1988 నవంబరులో మోరిస్ వార్మ్ అప్పటి చిన్న ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేశాక నెట్‌వర్కుల మధ్య కాపలా అవసరమని పరిశోధకులు గట్టిగా గుర్తించారు. ప్యాకెట్ల చిరునామాలు చూసి వడకట్టడం తొలి తరం. కనెక్షన్ ఎవరు మొదలుపెట్టారో గుర్తుంచుకుని తీర్పు చెప్పడం తరువాతి తరం. ఈ రెండో పద్ధతిని చెక్ పాయింట్ సంస్థ 1994లో వ్యాపార సరుకుగా తెచ్చింది.

లినక్స్‌లో ప్యాకెట్ వడపోత 1990ల నడుమ బీఎస్‌డీ నుంచి వచ్చింది. 1999 నాటి 2.2 కెర్నల్‌లో ఐపీచెయిన్స్ ఉండేది. రస్టీ రసెల్ 1998లో ప్రారంభించిన నెట్‌ఫిల్టర్ ప్రాజెక్టు ఫలితంగా 2001 జనవరిలో విడుదలైన 2.4 కెర్నల్‌తో ఐపీటేబుల్స్ వచ్చింది. ఒక తరం సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు దానితోనే పెరిగారు. 2014 జనవరి నాటి 3.13 కెర్నల్‌లో దాని వారసుడిగా ఎన్ఎఫ్‌టేబుల్స్ చేరింది. 2019లో విడుదలైన డెబియన్ 10 దాన్నే మూలంగా తీసుకుంది.

ఈ యంత్రాంగాలు శక్తిమంతమైనవే గాని ఇంటి మనిషికి కొరుకుడు పడేవి కావు. ఆ లోటు తీర్చడానికి ఉబుంటు తన 8.04 సంచికలో, 2008 ఏప్రిల్‌లో, అన్‌కాంప్లికేటెడ్ ఫైర్‌వాల్‌ను చేర్చింది. దాని పొట్టి పేరు యూఎఫ్‌డబ్ల్యూ, రూపకర్త జేమీ స్ట్రాండ్‌బోజ్. రెడ్ హ్యాట్ వైపు నుంచి ఫైర్‌వాల్‌డీ 2013 జనవరిలో ఫెడోరా 18తో అప్రమేయ ఉపకరణమైంది. పోలికకు చూస్తే, విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ తనంతట తాను పనిచేయడం మొదలైంది 2004 ఆగస్టు నాటి రెండో సర్వీస్ ప్యాక్‌తోనే. అదీ 2003లో బ్లాస్టర్ వార్మ్ చేసిన నష్టం తరువాతే.

తెలుగునాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఇళ్లకు, బళ్లకు చేర్చడానికి 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ కృషి చేసింది. డెబియన్ ఆధారంగా తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, పిల్లల కోసం బాల స్వేచ్ఛను అది రూపొందించింది. బాస్ తొలి సంచిక 2007 జనవరిలో వచ్చింది. దానికీ మూలం డెబియనే. డెబియన్ నుంచి వచ్చిన వ్యవస్థలన్నిటిలో ఫైర్‌వాల్ పద్ధతి దాదాపు ఒకటే కాబట్టి, ఒకచోట నేర్చుకున్నది మరోచోట పనికొస్తుంది.

పనిచేసే విధానం

నెట్‌వర్కులో సమాచారం ప్యాకెట్లుగా విడిపోయి ప్రయాణిస్తుంది. ప్రతి ప్యాకెట్ మీద పంపినవారి చిరునామా, అందుకునేవారి చిరునామా, రెండు వైపులా పోర్టు సంఖ్యలు ఉంటాయి. పోర్టు ఆ కంప్యూటరులో ఏ సేవకు ఉద్దేశించినదో చెబుతుంది: 22 దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌కు, 631 ప్రింటింగుకు, 445 ఫైళ్ల పంపకానికి, 3306 మైఎస్‌క్యూఎల్ డేటాబేసుకు. ఏదైనా ప్రోగ్రాము ఒక పోర్టు దగ్గర కాచుకుని వింటూ ఉంటే ఆ పోర్టు తెరిచి ఉన్నట్టు. ఎవరూ వినని పోర్టు మీదికి వచ్చిన ప్యాకెట్ ఫైర్‌వాల్ లేకపోయినా వెనక్కి పోతుంది.

నెట్‌ఫిల్టర్ ప్రతి ప్యాకెట్‌ను నియమాల వరుసతో పోల్చి అనుమతించడమో, మారుమాట లేకుండా పారేయడమో, తిరస్కరించినట్టు తిరుగు కబురు పంపడమో చేస్తుంది. ఏ నియమానికీ తగలనిదాన్ని ఏం చేయాలో అప్రమేయ విధానం చెబుతుంది. ఇంటి కంప్యూటరుకు సరైన విధానం ఒకటే: లోపలికి వచ్చేవి నిరాకరించు, బయటికి వెళ్లేవి అనుమతించు. మీరు ఈనాడు వెబ్‌సైటు తెరిస్తే కనెక్షన్ మొదలుపెట్టింది మీ కంప్యూటరు కనుక, దానికి జవాబుగా వచ్చే ప్యాకెట్లను ఫైర్‌వాల్ గుర్తుపట్టి రానిస్తుంది. పిలవకుండా వచ్చినవే ఆగిపోతాయి. అందుకే ఈ విధానం పెట్టాక బ్రౌజరు, యూట్యూబు, వీడియో కాల్ ఏవీ ఆగవు. ఫైర్‌వాల్ పెడితే నెట్ ఆగిపోతుందన్న భయానికి ఆధారం లేదు.

రకాలు

పోర్టులు, చిరునామాల ఆధారంగా వడకట్టేవి మొదటి రకం. యూఎఫ్‌డబ్ల్యూ, ఫైర్‌వాల్‌డీ ఈ కోవలోవి. ఏ ప్రోగ్రాము బయటికి వెళ్తోందో చూసి అనుమతి అడిగేవి రెండో రకం, ఓపెన్‌స్నిచ్ వంటివి. మూడోది ఇల్లంతటికీ కలిపి కాపలా కాసే రూటర్ ఫైర్‌వాల్: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, పీఎఫ్‌సెన్స్, 2015లో దాని నుంచి విడివడిన ఓపీఎన్‌సెన్స్, ఐపీఫైర్. వీటిలో చాలావాటికి ప్రత్యేక యంత్రం కావాలి. కొత్తవారు వీటితో మొదలుపెట్టనవసరం లేదు.

ప్రధాన ఉపకరణాలు

యూఎఫ్‌డబ్ల్యూ, జీయూఎఫ్‌డబ్ల్యూ. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ముందే ఉంటుంది, కాని ఆపి ఉంటుంది. వాడకందారు స్వయంగా పనిలో పెట్టాలి. టెర్మినల్‌లో ‘సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్’ అనే ఒక్క ఆజ్ఞను రోమన్ చిన్న అక్షరాల్లో టైపు చేస్తే చాలు. లోపలికి నిరాకరణ, బయటికి అనుమతి అనే విధానం అప్పుడే అమలులోకి వస్తుంది. ఐపీవీ6కూ అదే వర్తిస్తుంది. స్థానిక ప్రింటర్ల వెతుకులాటకు వాడే 5353 పోర్టు సమాచారం వంటి నిత్యావసరాలను అది ముందే అనుమతించి ఉంచుతుంది.

జీయూఎఫ్‌డబ్ల్యూ దీనికి బొమ్మల ముఖం. లినక్స్ మింట్‌లో మెనూలో ‘ఫైర్‌వాల్’ అని వెతికితే కనిపిస్తుంది. తెర మీద ఒక మీట, లోపలికి, బయటికి అనే రెండు పెట్టెలు, ఇల్లు, ఆఫీసు, బహిరంగ స్థలం అనే మూడు ప్రొఫైళ్లు ఉంటాయి. మీట జరిపితే పని అయిపోయినట్టే.

ఫైర్‌వాల్‌డీ. ఫెడోరా, ఓపెన్‌సూసే వాడేవారికి ఇది ముందే పనిచేస్తూ ఉంటుంది. ఇందులో కనెక్షన్లను జోన్లుగా విడదీస్తారు: ఇల్లు, పని, బహిరంగం, పూర్తి నమ్మకం ఇలా మొత్తం తొమ్మిది. ఇంటి వైఫైకి ఒక జోను, కాకినాడలో కాలేజీ హాస్టల్ వైఫైకి మరో జోను కేటాయిస్తే, నెట్‌వర్కు మారినప్పుడల్లా నియమాలు వాటంతట అవే మారతాయి. ల్యాప్‌టాప్ పట్టుకుని తిరిగే విద్యార్థికి ఇది నిజంగా మంచి సౌకర్యం. అయితే ఫెడోరా వర్క్‌స్టేషన్‌లో అప్రమేయంగా వచ్చే జోను 1025 నుంచి 65535 వరకు పోర్టులన్నిటినీ తెరిచే ఉంచుతుంది. ఆటలు, ఫైళ్ల పంపకం వంటివి ఆగకూడదని తీసుకున్న నిర్ణయం ఇది. హాస్టల్లోనో రైల్వే స్టేషన్లోనో ఉన్నప్పుడు ‘పబ్లిక్’ జోనుకు మార్చుకోవడం మేలు.

ఓపెన్‌స్నిచ్. మాక్ కంప్యూటర్ల కోసం వచ్చిన లిటిల్ స్నిచ్ స్ఫూర్తితో సిమోనే మార్గరిటెల్లి దీన్ని మొదలుపెట్టారు. ఏదైనా ప్రోగ్రాము కొత్త చిరునామాతో మాట్లాడబోతే తెర మీద ప్రశ్న వస్తుంది: ఒకసారికి అనుమతించాలా, ఎప్పటికీనా, వద్దా? కంప్యూటరు లోపల ఏం జరుగుతోందో కళ్లకు కట్టే ఉపకరణం ఇది. మొదటి వారంలో వచ్చే ప్రశ్నల వరదకు విసిగి అన్నిటికీ ‘సరే’ నొక్కేవారికి మాత్రం దీనివల్ల ఫలితం శూన్యం. మార్గరిటెల్లే 2024 సెప్టెంబరులో లినక్స్ ప్రింటింగ్ వ్యవస్థ కప్స్‌లో లోపాలు బయటపెట్టారు. దాని అనుబంధ సేవ ఒకటి 631 పోర్టు దగ్గర ఎవరు ఏం పంపినా నమ్మేది. లోపలికి నిరాకరణ విధానం పెట్టుకున్న కంప్యూటరుకు ఆ దారిలో బయటి నుంచి దాడి అందేది కాదు. ‘లినక్స్‌కు ఫైర్‌వాల్ ఎందుకు’ అని అడిగేవారికి చెప్పవలసిన మొదటి ఉదాహరణ ఇదే.

ఐపీటేబుల్స్, ఎన్ఎఫ్‌టేబుల్స్ ఆజ్ఞలను నేరుగా రాయడం ఇంకో దారి. నేర్చుకోదలచినవారికి అది మంచి చదువు, రక్షణ కోరేవారికి మాత్రం కాదు.

ఎంపిక ప్రమాణాలు

మొదటి ప్రమాణం వ్యవస్థతో పొందిక. మీ లినక్స్ కుటుంబంలో వాడుకలో ఉన్నదే మీకు తగినది: డెబియన్ కుటుంబానికి జీయూఎఫ్‌డబ్ల్యూ, ఫెడోరా కుటుంబానికి ఫైర్‌వాల్‌డీ. రెండూ ఒకేసారి నడపకూడదు. రెండూ ఒకే కెర్నల్ యంత్రాంగానికి నియమాలు చెబుతాయి కనుక ఒకటి అనుమతించినదాన్ని మరొకటి ఆపేయవచ్చు.

రెండోది డెల్టాలో ఉన్నవారు ప్రత్యేకంగా చూడవలసింది: కరెంటు పోయి వచ్చాక నియమాలు నిలిచి ఉంటాయా? తుఫాను రోజుల్లో కంప్యూటరు అర్ధాంతరంగా ఆగిపోవడం ఇక్కడ కొత్త కాదు. యూఎఫ్‌డబ్ల్యూను ఒకసారి ఎనేబుల్ చేస్తే ఎన్నిసార్లు ఆగి లేచినా అది పనిలోనే ఉంటుంది. ఫైర్‌వాల్‌డీలో ‘పర్మనెంట్’ అని చెప్పకుండా చేర్చిన నియమం తిరిగి లేచేసరికి పోతుంది. ఐపీటేబుల్స్‌లో నేరుగా టైపు చేసినవి విడిగా దాచకపోతే ఒక్కటీ మిగలదు.

మూడోది ఇంట్లో ఎవరు చూసుకుంటారన్నది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే, రాజమండ్రిలో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రుల కంప్యూటరులో ప్రశ్నలు అడిగే ఉపకరణం పెట్టకూడదు. ఒకసారి అమర్చి వదిలేయగల జీయూఎఫ్‌డబ్ల్యూ పెట్టాలి.

అమరిక, మినహాయింపులు

ముందు మోడెం పాస్‌వర్డు మార్చాలి. కేబుల్ ఆపరేటరును అడిగి అయినా సరే. తరువాత ఏయే ప్రోగ్రాములు వింటున్నాయో ‘ఎస్ఎస్’ అనే ఆజ్ఞతో చూసుకోవాలి. దానికి టీ, యూ, ఎల్, ఎన్ అనే నాలుగు అక్షరాల ఎంపిక జోడిస్తే తెరిచి ఉన్న పోర్టుల జాబితా వస్తుంది. 127.0.0.1 పక్కన ఉన్నవి ఆ కంప్యూటరులోనే తిరుగుతాయి కాబట్టి వాటికి భయం లేదు. అవసరం లేని సేవను ఆపేయడం, దాని పోర్టును అడ్డుకోవడం కన్నా నయం.

ఫైర్‌వాల్ పెట్టాక ఆగే పనులు కొన్నే. ఫోనును కంప్యూటరుతో కలిపే కేడీఈ కనెక్ట్‌కు 1714 నుంచి 1764 వరకు పోర్టులు తెరవాలి. ఇంట్లో రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకోవడానికి సాంబా వాడితే 445 తెరవాలి, అదీ 192.168 చిరునామాలకు మాత్రమే. ఈ జాగ్రత్త వెనుక అనుభవం ఉంది. 2017 మేలో వన్నాక్రై అనే మాల్వేర్ ఇదే పోర్టు ద్వారా విండోస్ యంత్రాలలోకి చొరబడింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా పలు జిల్లాల్లో దాని బారిన పడ్డాయి. అదే నెలలో లినక్స్ సాంబాలోనూ తీవ్రమైన లోపం బయటపడి సవరణలు విడుదలయ్యాయి. ఎస్ఎస్‌హెచ్ తప్పనిసరైతే యూఎఫ్‌డబ్ల్యూలోని ‘లిమిట్’ నియమం వాడాలి. ముప్పై సెకన్లలో ఆరు లేదా అంతకు మించి ప్రయత్నాలు చేసిన చిరునామాను అది ఆపుతుంది.

కాకినాడ జేఎన్‌టీయూ, తాడేపల్లిగూడెం ఎన్ఐటీ, డెల్టాలోని ఇతర ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపే డాకర్ వాడుతుంటారు. డాకర్ బయటపెట్టిన పోర్టు యూఎఫ్‌డబ్ల్యూ నియమాలను దాటిపోతుంది. ‘డినై’ అని రాసి ఉన్నా పోర్టు తెరిచే ఉంటుంది. కంటైనర్ పోర్టును 127.0.0.1కు కట్టేయడమే దీనికి విరుగుడు. ఇలా తెరిచి ఉన్న పోర్టు ప్రమాదం చిన్నది కాదు: పాస్‌వర్డు లేకుండా ఇంటర్నెట్‌లో వదిలేసిన మాంగోడీబీ డేటాబేసులను 2017 జనవరిలో దుండగులు చెరిపేసి డబ్బు అడిగారు. ప్రాజెక్టు కోసం పెట్టిన డేటాబేసుకూ అదే గతి పట్టవచ్చు.

పరిమితులు

మీరే లోపలికి పిలిచినదాన్ని ఫైర్‌వాల్ ఆపదు. మెయిల్‌లో వచ్చిన ఫైలు తెరిచినా, నకిలీ బ్యాంకు పేజీలో పాస్‌వర్డు కొట్టినా నియమాలన్నీ సక్రమంగానే ఉంటాయి, నష్టం జరిగిపోతుంది. ఎనీడెస్క్ వంటి యాప్‌తో మోసగాళ్లు తెరను చేతిలోకి తీసుకోవడంపై రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి యాప్‌లు లోపలి నుంచి బయటికి కనెక్షన్ తెరుస్తాయి కనుక యూఎఫ్‌డబ్ల్యూ వాటికి అడ్డు కాదు. అప్‌డేట్లు సకాలంలో పెట్టుకోవడం, ముఖ్యమైన ఫైళ్లకు నకళ్లు ఉంచుకోవడం ఫైర్‌వాల్ స్థానంలో చేసే పనులు కావు, దానితో పాటు చేయవలసినవి.

సహాయం

దేశంలో కంప్యూటర్ భద్రతా హెచ్చరికలు వెలువరించేది 2004 నుంచి పనిచేస్తున్న సెర్ట్-ఇన్. 2017 ఫిబ్రవరిలో ప్రారంభమైన, అది నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం మాల్వేర్ తొలగించే ఉచిత ఉపకరణాలు ఇస్తుంది. వాటిలో ఎక్కువ విండోస్, ఆండ్రాయిడ్ కోసమే. సైబర్ మోసంలో డబ్బు పోయినట్టు గమనించినవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఖాతాలు దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.